బదలీ నౌకరి

రెండు తట్టల మట్టి పడింది. మూడో తట్ట పడాల్సిన చోట పోచన్న కాళ్లున్నాయి.

మగ్గం గుంటలో రెండు కాళ్లూ దించి, నలభై ఏళ్లు ఎలా కూర్చున్నాడో అలాగే కూర్చున్నాడాయన. ఎదుట మగ్గం మాత్రం లేదు. దాన్ని నిన్ననే విప్పి కర్రలన్నీ గోడకు ఆనించారు. అచ్చు, పలక, నాడెలు గోనెసంచిలో కట్టి దూలానికి వేలాడదీశారు. మగ్గం లేని గుంటలో కాళ్లు పెట్టుకున్న నేతగాడు ఎలా ఉంటాడో చూడాలనుకున్నవాళ్లు ఆ పూట నాందేడులో సాలోళ్ల గల్లీకి వస్తే సరిపోయేది.

"లేస్తవా, లేవవా?" అంది గంగుబాయి, తట్ట చంకన పెట్టుకుని.

పోచన్న గుంటలో కాళ్లు ఇంకాస్త చాపాడు.

"నిన్న మాపటికి గుంట పూడుద్దమంటె తలకాయ ఊపినవు. ఊపినవా లేదా? సుశీల సాక్ష్యం ఉన్నది."

"నడుమ నన్నెందుకు గుంజుతరు అత్తమ్మా," అంది కోడలు సుశీలాబాయి పొయ్యి దగ్గర్నుంచి.

"దోమ కుట్టి ఊపిన," అన్నాడు పోచన్న.

గంగుబాయికి నవ్వొచ్చింది. నవ్వితే పని చెడుతుందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనతో ఉన్న చిక్కే అది. కోపం తెచ్చుకుని వెళ్తే ఒక్క ముక్కతో ఆ కోపాన్ని నేల మీద పారబోస్తాడు.

ఆమె తొందర మాత్రం న్యాయమైనదే. షావుకారు నూలు ఇవ్వడం మానేసి మూడు నెలలైంది. మిల్లు ధోవతి నున్నగా, చవగ్గా దొరుకుతుంటే నీ ధోవతి ఎవరు కట్టుకుంటారు పోచన్నా అని నవ్వుతూనే చెప్పాడు. ఆ మిల్లులోనే కొడుకు దిగంబర్‌కి నౌకరి దొరికి నెలన్నర అయింది. ఇక గుంట ఎందుకు? అది పూడితే ఆ జాగాలో ఒక మంచం పడుతుంది. పెళ్లయి ఐదేళ్లయినా కొడుకూ కోడలూ వసారాలో తడిక చాటున పడుకుంటున్నారు. ఒక అత్తకు ఇంతకన్నా పెద్ద చింత ఏముంటుంది?

"ఏం వదినా, ఇంకా పూర్తి కాలేదా?" అంటూ పక్కింటి కోటమ్మ గడప దగ్గరికొచ్చింది. "మా దొడ్లో ఇటుక ముక్కలున్నాయి. అడుగున వేస్తే గట్టిగా ఉంటుంది."

కోటమ్మది బెజవాడ వైపు. భర్త అనంతరాములు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఈ ఊరొచ్చి మూడేళ్లే అయినా గంగుబాయికి ఆమె మాటంటే గురి. ఆఫీసుల సంగతి కోటమ్మకు తెలిసినంత ఈ గల్లీలో ఎవరికి తెలుసు? దిగంబర్ ఆనాడు పరుగున వచ్చి "అవ్వా, నన్ను బదలీల తీస్కున్నరు" అని చెప్పగానే గంగుబాయి పోయింది ఆమె దగ్గరికే.

"బదిలీ ఉద్యోగమా? అయితే ఇంకేం వదినా," అంది ఆనాడు కోటమ్మ. "మా వారిదీ అదే కదా. మూడేళ్లకోసారి బదిలీ. బదిలీ లేనిది ఉద్యోగం కిందే లెక్క కాదు. కూలివాణ్ణి ఎవరైనా బదిలీ చేస్తారా?"

చేయరు మరి. గంగుబాయి ఆ సాయంత్రమే గల్లీ అంతా పేలాలు, బెల్లం పంచింది. ఆ రాత్రి నుంచే కొత్త దిగులూ పట్టుకుంది. కొడుకును ఏ ఊరికి పంపుతారో. ఔరంగాబాదు అయితే రైలు ఉంది. గుల్బర్గా అయితే ఎలా?

"ఎక్కడేసినా ఇల్లు వాళ్లే ఇస్తారు వదినా, దిగులెందుకు?" అంది కోటమ్మ ఇప్పుడు కూడా.

"ఇల్లిస్తరు గని, గీ ముసలోన్ని ఎవరు సూస్తరు?" అని గంగుబాయి మొగుడి వైపు చూసింది.

"నన్ను గుంటల ఏసి పూడ్చు. ఇటికలు గూడ దొరికినయి గదా," అన్నాడు పోచన్న.

ఇంతలో మధ్యాహ్నం అన్నం వేళ మిల్లు కూత, భోంగా, మోగింది. మిల్లు భోంగా మోగితే గల్లీలో పళ్లేలు అదురుతాయి. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాక ఆ మోత మరీ పెద్దదైనట్టు ఉంది.

దిగంబర్ గుమ్మంలోకొచ్చేసరికి తల నిండా దూది. కనుబొమ్మల మీద కూడా తెల్లగా ఉంది. గంగుబాయికి ఆ తెలుపు చూస్తే పానం చల్లబడుతుంది. ఎప్పటిలాగే కొంగుతో దులపబోయింది. అతను ఆమెను దాటుకుని గుంట దగ్గరికి వెళ్లి నిలబడిపోయాడు.

"ఎవరు పూడ్చుమన్నరు?"

"నువ్వే గదరా అంటివి."

"ఎల్లుండి దాక ఆగుమన్న గదా అవ్వా. ఎల్లుండి ఖాయమైనంక పూడుద్దమన్న."

"ఏంది ఖాయమయ్యేది?"

"నా నౌకరి."

గంగుబాయి తట్ట కింద పెట్టింది. "నౌకరి ఖాయమయ్యేది ఏందిరా. ఉన్నది గదా నౌకరి. నెల పదిహేను దినాల సంది పోతలేవా? బదలీ నౌకరి అంటివి."

"అవును. బదలీ."

"మరి?"

దిగంబర్ తల్లిని చూశాడు, కోటమ్మను చూశాడు. అతనికి అప్పుడు అర్థమైంది, ఈ నెలన్నర తన తల్లి ఊరంతా ఏం చెప్పుకుందో. అప్పటిదాకా ఆమె గుల్బర్గా దిగులును అతను తల్లి చాదస్తం కింద జమకట్టాడు.

"బదలీ అంటే ఊరు మార్చుడు కాదవ్వా," అన్నాడు నెమ్మదిగా. "ఒకని బదులు ఇంకొకడు. పొద్దుగాల గేటు కాడ నిలబడాలె. ముప్పై మందిమి ఉంటం. లోపల ఎవడన్న నాగా పెడితె పని పంచె జాబర్ బయటికచ్చి, ఆ సాంచా మగ్గం మీదికి ఒకన్ని పిలుస్తడు. పిలిస్తె ఆ దినం పని. పిలువకుంటె లేదు."

"పిలువని దినం ఏం చేస్తివి? ఏనాడు పొద్దుగాల మల్లి ఇంటికి రాలేదు గదా నువ్వు."

జవాబు గుంటలోంచి వచ్చింది. "కొన్ని దినాలు వాని నెత్తిల దూది ఉండె. కొన్ని దినాలు కాళ్లకు గోదారి ఉసికె ఉండె," అన్నాడు పోచన్న.

"నీకెర్కనా?"

"నలభై ఏండ్లు నూలుతోటే బతికిన. దూది ఉన్న తలకాయేదో లేనిదేదో నాకు తెలువదా?"

"మరి నాకొక్క మాట చెప్పరాదా?"

"గల్లంత పేలాలు పంచినవు. వాపస్ ఎట్ల తెస్తవని ఊకున్న."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఊరికే పుట్టలేదు. కోటమ్మ ముఖం చిన్నబోయింది. "మా బదిలీ వేరు కాబోలు వదినా. మాట ఒకటే అయ్యేసరికి పొరబడ్డాను," అంది. ఆమె మీద కోపం తెచ్చుకునే ఓపిక గంగుబాయికి లేదు. కూర్చోమని పీట జరిపింది. కోటమ్మ కూర్చోలేదు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వెళ్లిపోయింది.

దిగంబర్ కాళ్లు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సుశీల రొట్టె తడుతున్న చప్పుడొక్కటే వినబడుతోంది.

"మరి ఎల్లుండి ఎట్ల ఖాయమయితది?" అని గంగుబాయే అడిగింది. ఆశ అంత తేలిగ్గా పోయేది కాదు కదా.

"సాంచా మనిషి వరసగ పన్నెండు దినాలు రాకుంటె పేరు కొట్టేస్తరు. ఆ పన్నెండు దినాలు సాంచా నడిపినోని పేరు రాస్తరు. ఇయ్యాల్టికి పదకొండు. రేపటి తోటి పన్నెండు."

"రేపొక్క దినమేనా?"

"రేపొక్క దినమే."

గంగుబాయి మనసు లేచి కూర్చుంది. ఒక్క రోజు. ఒక్క రోజు గడిస్తే గేటు దగ్గర నిలబడే పని లేదు, గోదావరి ఒడ్డున పొద్దు గడిపే పని లేదు. పేలాలు పంచింది వృథా కాదు.

"ఇంతకు ఆ మనిషెవరు? ఏమైంది ఆయనకు?"

రొట్టె చప్పుడు ఆగిపోయింది.

దిగంబర్ తల దించుకుని మోకాలి మీద దూది పోగు ఏరుతూ కూర్చున్నాడు. సుశీల రొట్టె, పప్పు పెట్టిన పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టింది. మంచినీళ్ల చెంబు పక్కన పెట్టింది. అప్పుడు అత్త వైపు తిరిగి మామూలు గొంతుతోనే చెప్పింది.

"మా దేవన్ననే అత్తమ్మా."

దేవన్న సుశీల అన్న. మిల్లు పెట్టిన మొదటి ఏడే మగ్గం విడిచి అందులో చేరినవాడు. పదకొండు రోజులుగా జ్వరమూ దగ్గూ. సుశీల రోజూ సాయంత్రం జావ కాచి తీసుకుపోతోంది. పొద్దున మొగుడికి సద్ది పెట్టిన చేతితోనే సాయంత్రం అన్నకు జావ పోస్తోంది. ఆ రెండు పనులకూ నడుమ ఏముందో ఎరిగి కూడా ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు ఆ పిల్ల.

నెలన్నరగా పొద్దున లేచి మాహూరు గుడి దిక్కుకు తిరిగి గంగుబాయి మొక్కేది ఒకటే. అమ్మా రేణుకా, నా కొడుకు పనికి ఒక్క దినం కూడా నాగా పడొద్దు. ఆ మొక్కు తీరాలంటే ఎవరో ఒకరు రోజూ మంచాన పడి ఉండాలని ఆమెకు ఎవరు చెప్పారు? ఈ పదకొండు రోజులూ అదే తల్లి కుంకుమ పొట్లం కట్టి, దేవన్న నుదుట పెట్టమని కోడలి చేతికిచ్చి పంపింది కూడా తనే. రెండు చెంపలూ వేసుకుంది.

"బావ సాంచా మీదికి నువ్వెట్ల పోతివిరా," అంది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటె సుట్టకు నిప్పడిగినట్టు."

"నేను పోకుంటె నా ఎనుక ఇరువై తొమ్మిది మంది ఉన్నరవ్వా. పరాయోడెవడో ఎక్కుతుండె. బావ సాంచా ఖాళీగ అయితె ఉండదు." పళ్లెం పక్కకు జరిపాడు. "లోపలోళ్లు జీతం పెంచుమని అడుగుతె జాబర్ ఏమంటడో ఎర్కనా? గేటు దిక్కు సూపిస్తడు. మేం బయట నిలబడి సూస్తుంటం గదా, వాళ్లు నోరు మూసుకుంటరు. బావ గూడ గట్లనే మూసుకున్నడు. దగ్గు మొదలైన దినమే పండుకునేటోడైతె గింత కాకపోవు."

భోంగా మళ్లీ మోగింది. సగం రొట్టె పళ్లెంలోనే వదిలి అతను లేచాడు. గడప దాకా వెళ్లిన సుశీల, అతని భుజం మీది దూది పోగు తీసి పారేసింది. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోలేదు.

"ఊరు పెరుగుతున్నదంటె సంబురపడ్డ," అన్నాడు పోచన్న, ఎవరితోనూ కాదు. "రైలచ్చింది. పత్తి గింజ తీసే జిన్నింగులచ్చినయి. కరెంటు దీపాలచ్చినయి. సాంచాలు గూడ ఏటేట పెరుగుతున్నయి. గేటు మాత్రం ఒక్కటే పెట్టిండ్రు."

అని, వంగి గుంటలోని మట్టిని దోసిళ్లతో తీసి బయట పోయడం మొదలుపెట్టాడు. గంగుబాయి ఆపలేదు. ఖాళీ తట్టను ఆయన చేతికందేలా జరిపింది. మధ్యలో ఒకసారి ఆయన నడుము పట్టుకుంటే "మెల్లగ" అంది. పొద్దున్నుంచి వాళ్లిద్దరి మధ్యా జరిగిన కొట్లాట అలా ముగిసింది.

సాయంత్రం జావ గంగుబాయే కాచింది. జొన్నపిండి, వెల్లుల్లి, మిరియాలు. ముంత మీద మూత పెట్టి, కొంగుతో పట్టుకుని బయల్దేరింది.

"మీరెందుకు అత్తమ్మా, నేను పోత గదా," అంది సుశీల.

"పదకొండు దినాలాయె. ఒక్కసారన్న సూడకపోతి. మనిషినేనా నేను?"

అది నిజమే. నిజం మొత్తం అదేనో కాదో ఆమెకే తెలియదు.

మామూలుగా అయితే దారి పొడుగునా ఆ అత్తాకోడళ్ల మాటలకు అంతుండదు. పదమూడేళ్లప్పుడు ఆ ఇంటికొచ్చిన పిల్ల సుశీల. కండెలు చుట్టడం గంగుబాయే నేర్పింది. శుక్రవారం తలంటి జడ వేసేదీ ఆమే. ఐదేళ్లలో పిల్లలు కలగలేదని గల్లీలో ఎవరైనా అంటే కోడలి తరఫున కొట్లాడేదీ ఆమే. ఆ పూట మాత్రం ఇద్దరూ స్టేషను రోడ్డు వెంట మాటల్లేకుండా నడిచారు. దూది బేళ్ల బండ్లు వరసగా పోతున్నాయి. నల్లరేగడిలో పండిన పత్తి అంతా ఈ రోడ్డు మీదనే పోతుంది.

"గిటియ్యుండ్రి అత్తమ్మా, చెయ్యి కాలుతది," అని సుశీల ముంత అందుకోబోయింది.

"ఉండనియ్," అంది గంగుబాయి.

దేవన్న ఉండేది మిల్లు గోడ వెనక రేకుల గదుల్లో. పెండ్లాం జిన్నింగు నుంచి ఇంకా రాలేదు. అతను దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గంగుబాయిని చూడగానే లేవబోయి, దగ్గు తెర వచ్చి ఆగిపోయాడు.

"మీరే అచ్చిండ్రంటె, నా పని అయిపోయినట్టేనా అత్తమ్మా?" అన్నాడు తేరుకుని, నవ్వుతూ.

"గసొంటి మాటలంటరా? ఎంత చిక్కినవురా బిడ్డా." ముంత కింద పెట్టి అతని పక్కనే కూర్చుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగనీళ్లు కావు.

సుశీల గిన్నె కడగడానికి మూలకు పోయింది.

"పొద్దటి సంది చమట పడుతున్నది," అన్నాడు దేవన్న. "జ్వరం ఇడిచిందనే అనిపిస్తది. లేస్తె మాత్రం కాళ్లు వణుకుతున్నయి. రేపు పోవాల్నా వద్దా అని నాతోటి నేనే కొట్లాడుతున్న."

గంగుబాయి ముంత మూత తీసి మళ్లీ పెట్టింది.

"నా సాంచా దిగంబర్ బావ నడుపుతున్నడని నాకెర్కనే. పరాయోడైతె నాకు నిద్ర పట్టకపోవు. బావ చెయ్యి మంచిది, పోగు తెగనియ్యడు." మళ్లీ దగ్గాడు. "రేపు పోకుంటె ఏమయితదో గూడ ఎర్క. పోయి నడుమ పడిపోతె ఏమయితదో అదీ ఎర్క. మా అవ్వ ఉంటె ఆమెను అడుగుదును. పెద్దదిక్కు మీరే ఉన్నరు. నెత్తి ముట్టి సూడుండ్రి. జ్వరం ఉందంటె పండుకుంట. లేదంటె పొద్దుగాల భోంగాకు గేటు కాడుంట. మీరేదంటె అదే."

మూలలో గిన్నె చప్పుడు ఆగింది.

గంగుబాయి చెయ్యి చాపింది. ఎంతమంది పిల్లల జ్వరాలు చూసిన చెయ్యి అది. గల్లీలో ఎవరి బిడ్డకు ఒళ్లు వెచ్చబడినా ముందు ఆ చేతినే పిలుస్తారు. దేవన్న కళ్లు మూసుకుని నుదురు ఆమె అరచేతికి అప్పగించాడు.

నుదురు చల్లగానే తగిలింది.

ఇంత దూరం వేడి ముంత పట్టుకొచ్చిన చెయ్యి కదా, కాలుతున్న నుదురు కూడా చల్లగానే తగులుతుందేమో అనుకుంది. కాళ్లు వణుకుతున్నాయని అతనే చెప్పాడు. వణికే కాళ్లతో సాంచా మధ్యకు ఎలా పంపడం? ఒక్క రోజు పడుకుంటే మంచిదే కదా. కన్నతల్లి ఉన్నా అదే చెప్పేది. అలా అనుకుంటుండగానే రేపటితో పన్నెండు అన్న మాట కూడా మనసులో పలికింది. దాన్ని వినబడనట్టే ఉంచింది.

"ఒళ్లు ఇంకా కాక ఉన్నది బిడ్డా," అంది. "రేపు పండుకో."

దేవన్న తల ఊపాడు. హాయిగా నిట్టూర్చి దుప్పటి లాక్కున్నాడు.

సుశీల గిన్నె పట్టుకుని వచ్చింది. దాన్ని నేల మీద పెట్టి అన్న పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తడి చేతిని చీరకు తుడుచుకుని, అతని నుదుటి మీద పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత మెడ కింద పెట్టి చూసింది.

ఐదేళ్లలో ఆ పిల్ల అత్త మాటకు ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"కాక లేదు అత్తమ్మా," అంది.